రెజ్యూమె పంపే ముందు ఇవి చూసుకోండి

అనంతపురంలో డిగ్రీయో బీటెక్కో పూర్తి చేసి, పెనుకొండ దగ్గరి కార్ల కంపెనీకో బెంగళూరుకో అప్లై చేస్తున్నవాళ్ల కోసం ఇది.

• ప్రకటన రెండుసార్లు చదవండి. వాళ్లు అడిగిన పని మీకు నిజంగా వస్తే, వాళ్లు వాడిన మాటతోనే రాయండి. చాలా పెద్ద కంపెనీల్లో మొదటి వడపోత సాఫ్ట్‌వేర్‌దే.

• 'ఎక్సెల్ వచ్చు' అని వదిలేయకండి, అది అందరూ రాసేదే. 'ఎరువుల షాపులో ఏడాది పాటు రోజువారీ స్టాకు ఎక్సెల్‌లో ఎక్కించాను, పివట్ టేబుల్‌తో నెలాఖరు లెక్క తీశాను' అంటే చదివేవాళ్లకు మీ పని కనిపిస్తుంది. షాపు మీ మామయ్యదే అయినా పని పనే. అంకెలు మాత్రం మీకు కచ్చితంగా తెలిసినవే వేయండి. ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడిగేది వాటి గురించే.

• రానిది రాయొద్దు. ఫ్రెండ్ రెజ్యూమె కాపీ కొట్టి పేరు మార్చితే, పైథాన్ మీద మొదటి ప్రశ్నకే నీళ్లు నమలాల్సి వస్తుంది.

• హిందూపురం, మడకశిర వైపు చాలామందికి కన్నడ మాట్లాడటం మామూలు. మామూలే కదా అని రాయరు! బెంగళూరులో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగమైతే అది పైన ఉండాల్సిన విషయం.

• ఫైలు పీడీఎఫ్‌లో, మీ పేరుతో ఉండాలి. ఫోన్ నంబరు ఒక్కో అంకె సరిచూసుకోండి.

• రెజ్యూమెలో ఆధార్ నంబరు అక్కర్లేదు. ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందే డబ్బు అడిగితే, అక్కడితో ఆపేయండి.