డాలరు కొట్లాటను లెక్క కట్టి చదవడం ఎలా

అమెరికా చరిత్రలో "జనం ఒకవైపు, బ్యాంకులు ఒకవైపు" అన్న కొట్లాట పెద్దగా నాలుగుసార్లు చెలరేగింది: 1832లో, 1870ల్లో, 1896లో, 1930ల్లో. ఉపన్యాసాలు చదువుకుంటూ పోతే నాలుగూ ఒకటే అనిపిస్తాయి. తిట్లు అవే, తిట్టించుకున్నవాళ్లూ దాదాపు వాళ్లే. అడిగినవి మాత్రం వేరు, ఒక్కోచోట పూర్తిగా తలకిందులు. అందుకే ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. ముందు ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకోండి. ఎవరు ఎవరికి బాకీ? ఆ బాకీ దేనితో తీర్చాలి, బంగారమా, వెండా, కాగితమా? ఆ డబ్బు పుట్టించే హక్కు ఎవరి చేతిలో ఉంది? ఆ ఏళ్లలో ధరలు పెరుగుతున్నాయా, పడుతున్నాయా? ఈ నాలుగూ తేలాక ఉపన్యాసం తెరిస్తే ఏ మాట ఎందుకు వచ్చిందో దానంతటదే తెలుస్తుంది.

బాకీని గోధుమల్లోకి మార్చండి

రైతు డాలర్లు పండించడు. కాబట్టి అప్పును బుషెళ్లలోకి (బుషెల్ అంటే ధాన్యం కొలత) మార్చి చూడాలి. 1880ల మొదట్లో గోధుమ ధర బుషెల్‌కు డాలరు అటూ ఇటూ ఉండేది. 1890ల మధ్యకు 50 సెంట్ల దగ్గరికి దిగింది. 1,000 డాలర్ల అప్పు, 8 శాతం వడ్డీ అనుకుందాం. మొదట్లో ఏటా 80 బుషెళ్లు అమ్మితే వడ్డీ తీరేది, తర్వాత 160 కావాలి. అసలుకైతే 1,000 బుషెళ్లు కాస్తా 2,000 అయ్యాయి. కాగితం మీద అంకె మారలేదు, పొలం మీద బరువు రెట్టింపైంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంకో రెండు మెట్లున్నాయి. మొదటిది: 1875 నుంచి 1896 దాకా అమెరికాలో మొత్తం ధరలు ఏడాదికి సగటున 1.7 శాతం చొప్పున పడ్డాయి. ఆ లెక్కన పదిహేనేళ్లకు తగ్గేది నాలుగో వంతు కూడా కాదు. గోధుమ సగానికి పడింది కదా, మిగతా పతనం డబ్బు కరువు వల్ల వచ్చింది కాదు. కొత్తగా సాగులోకి వచ్చిన మైదానాలు, రైళ్లు, ప్రపంచ మార్కెట్లో పోటీ అందుకు కారణం. రెండోది: పశ్చిమ రాష్ట్రాల్లో పొలం తాకట్టు అప్పులు ఎక్కువగా మూడు నుంచి ఐదేళ్ల గడువువి. బరువును ఆ గడువుకే కట్టాలి. ఐదేళ్లకు 1.7 శాతం చొప్పున ధరలు పడితే బాకీ బరువు సుమారు 9 శాతం పెరుగుతుంది. బాధ నిజమే, కానీ వేదిక మీద చెప్పినంత కాదు.

దక్షిణాన పత్తి రైతు సంగతి వేరు. అక్కడ బ్యాంకు కాదు, ఊరి దుకాణదారు దగ్గర పంటను ముందే తాకట్టు పెట్టిన ఖాతా చూడాలి. ఒకే సరుకుకు రెండు ధరలు కనిపిస్తాయి: నగదు ధర, అరువు ధర. వాటి మధ్య తేడాయే వడ్డీ. దాన్ని నెలల మీద విడగొడితే ఏడాది రేటు ఎంత దారుణంగా లేస్తుందో చూడండి. బ్యాంకుకు ఎందుకు పోలేదని అడిగితే జవాబు చట్టంలోనే ఉంది. 1864 జాతీయ బ్యాంకుల చట్టం ప్రకారం చిన్న ఊళ్లో బ్యాంకు పెట్టాలన్నా 50,000 డాలర్ల మూలధనం కావాలి, పైగా ఆ బ్యాంకు భూమి తాకట్టు మీద అప్పివ్వకూడదు. రైతు దగ్గరున్నది భూమే.

వెండి లెక్క మీరే కట్టండి

"పదహారుకు ఒకటి" అన్నది 1896 వెండి వాదుల నినాదం: పదహారు పాళ్ల వెండిని ఒక పాలు బంగారంతో సమానంగా లెక్కగట్టి, అడిగినంత వెండి నాణెం కొట్టాలని. అది అర్థం కావాలంటే ఐదు నిమిషాల గుణకారం చాలు. వెండి డాలరులో శుద్ధమైన వెండి 371.25 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే చిన్న తూకం), బంగారు డాలరులో శుద్ధమైన బంగారం 23.22 గ్రెయిన్లు. భాగిస్తే 15.99, దాన్నే పదహారు అన్నారు. ఒక ట్రాయ్ ఔన్సుకు 480 గ్రెయిన్లు కాబట్టి, టంకశాల లెక్కలో ఔన్సు వెండి 1.29 డాలర్లు. 1896లో బజారు ధర 68 సెంట్ల దగ్గర ఉంది. 371.25ను 480తో భాగించి 68తో గుణిస్తే సుమారు 53 సెంట్లు. వెండి డాలరును ప్రత్యర్థులు "53 సెంట్ల డాలరు" అని ఎద్దేవా చేసింది అందుకే.

ఇప్పుడు అసలు ప్రశ్న వేయండి: ఎవరు వెండి తెచ్చినా టంకశాల డాలరు కొట్టివ్వాలంటే మిగిలే 47 సెంట్లు ఎవరికి? మొట్టమొదట గని యజమానికి. కొలరాడో, నెవాడా గనుల పెద్దలు, కాన్సాస్ అప్పుల రైతులు ఒకే జెండా కింద ఎలా చేరారో ఈ ఒక్క తీసివేత చెప్పేస్తుంది.

ఇదే లెక్కను 1873కు కట్టండి. అప్పుడు ఔన్సు 1.30 డాలర్ల దగ్గర. నాణెంలోని వెండి విలువ డాలరుకు కాస్త ఎక్కువే, అంటే టంకశాలకు ఇస్తే నష్టం. ఎవరూ తేవడం లేదు కాబట్టి 1873 ఫిబ్రవరి 12 నాటి నాణేల చట్టం నుంచి ఆ డాలరును తీసేసినప్పుడు పెద్దగా ఎవరికీ పట్టలేదు. తర్వాత జర్మనీ బంగారానికి మారింది, నెవాడా వెండి వెల్లువెత్తింది, ధర పడింది. అప్పుడు గుర్తొచ్చి ఆ చట్టానికి "73 నేరం" అని పేరు పెట్టారు. దొంగచాటుగా చేశారన్న మాటను యథాతథంగా రాయకండి, ఆ బిల్లు కాంగ్రెస్‌లో ఏళ్ల తరబడి నలిగింది. కానీ ఫలితం అప్పులవాళ్లకు చేటు చేసిందన్నది నిజం. రెండూ ఒకే వాక్యంలో ఇమడవు, విడివిడిగా రాయండి.

తిట్టు ఒకటే, మందు వేరు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడ. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ 1832 జులై 10న రెండో జాతీయ బ్యాంకు చార్టర్ (నడిపే అనుమతి పత్రం) పొడిగింపును వీటో చేశాడు. ఆ బ్యాంకు మూలధనం 3.5 కోట్ల డాలర్లు, అందులో ఐదో వంతు ప్రభుత్వానిది. వీటో సందేశం నిండా విదేశీ వాటాదారులు, ధనికుల గుత్తాధిపత్యం. అది చదివి జాక్సన్‌ను 1896 వెండి వాదుల తాతగా చూపిస్తారు. నిజానికి ఆయన కాగితం డబ్బును నమ్మని గట్టి నాణెం మనిషి. 1836 జులైలో ప్రభుత్వ భూములు కొనడానికి బంగారం, వెండి మాత్రమే తెమ్మని ఉత్తర్వు ఇప్పించింది ఆయనే.

దీనికి సరిగ్గా ఎదురు గ్రీన్‌బ్యాక్ వాళ్లు. అంతర్యుద్ధం ఖర్చు కోసం 1862 చట్టంతో వచ్చిన, బంగారంగా మార్చివ్వని నోట్లను (వాటి పేరే గ్రీన్‌బ్యాక్) వెనక్కి లాగొద్దని, ఇంకా వేయమని వాళ్ల కోరిక. 1879 జనవరి 1న ఆ నోట్లకు బంగారం ఇవ్వడం మొదలయ్యాక వాళ్ల వాదం నీరసించి, అదే జనం వెండి వైపు నడిచారు.

జాక్సన్ ఘట్టంలో ఇంకో మెలిక. జాతీయ బ్యాంకు రాష్ట్రాల బ్యాంకుల నోట్లను పోగుచేసి, వాటికి నాణెం ఇమ్మని తిప్పి పంపేది. అలా వాళ్లకు కళ్లెం వేసేది. కాబట్టి అది కూలితే సంతోషించినవాళ్లలో బ్యాంకర్లూ ఉన్నారు. "బ్యాంకుకు వ్యతిరేకం" అని రాయబోయే ముందు ఏ బ్యాంకుకు అని ఎప్పుడూ అడగండి.

ఎక్కడ తప్పుతారు

ఒక చట్టాన్నీ దాని తర్వాతి సంక్షోభాన్నీ పక్కపక్కన పెట్టి దారం కట్టేయడం పాత జబ్బు. 1837 బ్యాంకుల సంక్షోభానికి జాక్సన్ భూముల ఉత్తర్వొక్కటే కారణమంటే చెల్లదు. 1836లోనే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ పెంచింది, తర్వాత పత్తి ధర కూలింది.

ఇంకోటి సున్నితమైనది. 1890ల కరపత్రాల్లో, మళ్లీ 1930ల్లో రేడియోలో మాట్లాడే కాథలిక్ ఫాదర్ చార్లెస్ కోగ్లిన్ ప్రసంగాల్లో బ్యాంకర్ల మీద కోపం యూదుల మీద ద్వేషంగా జారింది. వడ్డీ, ధరలు, చట్టం గురించిన ఫిర్యాదును లెక్కతో పరీక్షించవచ్చు. కుట్ర కథకు లెక్క ఉండదు. ఒకే పేజీలో రెండూ ఉంటే మార్జిన్‌లో రెండు రంగులు వేసి విడదీయండి. ఫిర్యాదును కొట్టిపారేయడానికి కుట్రను సాకు చేసుకోవద్దు, ఫిర్యాదు నిజమని కుట్రనూ మింగొద్దు.

కోర్కెల వెంట నడవండి

ఓట్లు లెక్కపెట్టి పుస్తకం మూసేయకండి. 1896 అధ్యక్ష ఎన్నికల్లో వెండి పక్షం అభ్యర్థి విలియం జెన్నింగ్స్ బ్రయన్‌పై బంగారం పక్షం మెకిన్లీ 176కు 271 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచాడు. 1900లో బంగారు ప్రమాణం (డాలరు విలువను బంగారంతోనే కట్టడం) చట్టమైంది. ఇక రైతుల పక్షాన నిలిచిన పాపులిస్టు పార్టీ 1892 ఒమాహా తీర్మానాన్ని తీసి, ఒక్కో కోర్కె ఎదుట ఏమైందో రాయండి. తపాలా పొదుపు బ్యాంకులు 1910లో చట్టమయ్యాయి. అంచెల ఆదాయపు పన్నుకు 1913లో రాజ్యాంగ సవరణతో దారి పడింది. గిడ్డంగిలో పంట ఉంచి, విలువలో 80 శాతం దాకా ప్రభుత్వ నోట్లలో చవక వడ్డీకి అప్పు ఇమ్మన్న పథకం ఆ రూపంలో రాలేదు, కానీ 1916లో గిడ్డంగి రసీదుల చట్టం, రైతు రుణాల చట్టం వచ్చాయి. అపరిమిత వెండి నాణేలు మాత్రం రానేలేదు. తలకు 50 డాలర్ల కన్నా తక్కువ కాకుండా డబ్బు తిరగాలన్నది ఇంకో కోర్కె. డబ్బు పెరిగింది, అయితే వాళ్లు అడిగిన దారిలో కాదు. దక్షిణాఫ్రికా, క్లోండైక్ గనుల నుంచి, సైనైడ్ పద్ధతితో తీసిన కొత్త బంగారం వచ్చి ధరలను మళ్లీ పైకి లేపింది.