పాత ట్రయాథ్లాన్ బైక్‌ను గుర్తుపట్టి బాగు చేసుకోవడం ఎలా?

అమెరికాలో గరాజ్ సేల్స్‌కి వెళ్లే మనవాళ్ల కంట తరచుగా పడే బైక్ ఒకటుంది. చూడటానికి రోడ్ బైక్‌లాగే ఉంటుంది. కానీ చక్రాలు కాస్త చిన్నవి, సీటు ముందుకు జరిగినట్టు ఉంటుంది, హ్యాండిల్ మీంచి రెండు కడ్డీలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. అదేమిటో చాలాసార్లు అమ్మేవాళ్లకే తెలియదు, పాత రోడ్ బైక్ అని చెప్పి ఇచ్చేస్తారు. 1990ల నాటి ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే పోటీ) బైక్‌లు ఎక్కువగా ఇలాగే చేతులు మారుతుంటాయి. ఫ్రేము బాగుంటే కొత్త బైక్ ధరలో చిన్న భాగంతోనే రేసుకు పనికొచ్చే బండి తయారవుతుంది. అయితే కొన్నదేమిటో తేల్చుకోకుండా స్పానర్ పట్టుకుంటే, ఎక్కని టైర్లకూ కలవని పార్టులకూ డబ్బంతా పోతుంది. గుర్తుపట్టడం సరిగ్గా జరిగితే బాగు చేయడం సగం అయిపోయినట్టే.

ముందు సీటు గొట్టం చూడండి

సీటు నుంచి క్రాంక్ (పెడళ్లు తగిలించే చేతులు) దాకా దిగే గొట్టం మామూలు రోడ్ బైక్‌లో 72 నుంచి 74 డిగ్రీల వాలులో ఉంటుంది. ట్రయాథ్లాన్ బైక్‌లో అది 76 నుంచి 80 డిగ్రీల దాకా నిటారుగా ఉంటుంది. కంటితో తేల్చుకోలేకపోతే బైక్‌ను సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి, ఫోన్ అంచును గొట్టానికి ఆనించండి. ఈ నిటారుతనం వల్ల తుంటి ముందుకు వస్తుంది. మోచేతులు ఆనించి బాగా వంగినా మోకాళ్లు పొట్టకు తగలవు, ఊపిరి ఆడుతుంది, బైక్ దిగాక పరుగెత్తడానికి కాళ్లు కాస్త తేలిగ్గా ఉంటాయి.

ముందుకు పొడుచుకొచ్చే ఆ రెండు కడ్డీలను ఏరోబార్లు అంటారు. అవి ఉన్నంత మాత్రాన ట్రయాథ్లాన్ బైక్ అనుకోకండి. వాటిని ఏ రోడ్ బైక్‌కైనా బిగించవచ్చు. స్కీయింగ్ కోచ్ బూన్ లెనన్ ఆలోచనతో స్కాట్ కంపెనీ 1987లో డీహెచ్ బార్ అనే ఏరోబార్ తెచ్చింది, ట్రయాథ్లెట్లు వెంటనే అందుకున్నారు. 1989 టూర్ డి ఫ్రాన్స్‌లో గ్రెగ్ లెమాండ్ అలాంటి బార్లతోనే చివరి రోజు టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) తొక్కాడు. 50 సెకన్ల వెనకబాటును పూడ్చి, లారెంట్ ఫిన్యోన్ మీద మొత్తంగా 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ దెబ్బతో ఏరోబార్లు ప్రపంచమంతా పాకాయి. అదే ఏడాది డాన్ ఎంప్‌ఫీల్డ్ స్థాపించిన క్వింటానా రూ కంపెనీ సూపర్‌ఫార్మ్ అనే మోడల్ తెచ్చింది. నిటారు సీటు గొట్టం, చిన్న చక్రాలు, ఏరోబార్లు అన్నీ కలిపి ట్రయాథ్లాన్ కోసమే గీసిన ఫ్రేము అది. 1990లలో వచ్చిన చాలా బైక్‌లు ఆ దారిలోనే నడిచాయి.

సీటు గొట్టమే లేకుండా, ముందు నుంచి ఒక దూలం వచ్చి దాని చివర సీటు ఉంటే అది బీమ్ బైక్. సాఫ్ట్‌రైడ్, జిప్ 2001 ఈ రకానివే. 2000 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం (యూసీఐ) నిబంధనలు ఇలాంటి ఆకారాలను రోడ్ రేసుల నుంచి బయటకు పంపేశాయి. ట్రయాథ్లాన్‌లో మాత్రం అవి చాలాకాలం తిరిగాయి. మొదటిసారి బాగు చేసేవాళ్లు వీటి జోలికి పోవద్దనే చెబుతాను. బీమ్ లోపల పొరలు విడిపోతే ఇంట్లో చేయగలిగిందేమీ లేదు.

చక్రం కొలత: ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు

టైరు పక్కన రాసి ఉన్న అంకెలు చదవండి. 23-622 అని ఉంటే అది 700సి, టైర్ల బాధ లేదు. 23-571 అని ఉంటే అది 650సి, పాత ట్రయాథ్లాన్ బైక్‌లలో ఎక్కువగా కనిపించే చక్రం. కొన్నిటి మీద 26 x 1 అని కూడా రాసి ఉంటుంది. ఆ 26 చూసి మామూలు సైకిల్ షాపులో 26 టైరు అడిగితే ఎక్కదు. మౌంటెన్ బైక్ 26 టైరు 559 మిల్లీమీటర్లది, 26 x 1 3/8 టైరు 590 మిల్లీమీటర్లది. రిమ్ము మీద కూర్చునేది ఆ మూడంకెల కొలతే. షాపులో అదే చెప్పండి, అంగుళాలు చెప్పకండి.

571 టైర్లు ఇప్పుడు కొద్ది కంపెనీలే చేస్తున్నాయి. బైక్‌ను ఇండియాకి తెచ్చే ఉద్దేశం ఉంటే టైర్లూ ట్యూబులూ రెండేసి జతలు వెంట తెచ్చుకోండి. 700సి చక్రాలు వేసేద్దామని చాలామంది అనుకుంటారు, అది కుదిరే పని కాదు. రెండు రిమ్ముల వ్యాసంలో తేడా 51 మిల్లీమీటర్లు. అంటే బ్రేకు ప్యాడ్లు 25 మిల్లీమీటర్లకు పైగా పైకి జరగాలి, ఫోర్కులో అంత చోటే ఉండదు. పైగా చిన్న చక్రం ఉండబట్టే ముందు భాగం కిందికి దిగింది, ఆ బైక్ నడక అంతా దాని మీదే ఆధారపడి ఉంది. 650సిని 650సిగానే ఉంచండి.

ఏ ఏడాదిదో తేల్చడం

ఫ్రేము నంబరు క్రాంక్ కింద, బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు ఉండే చోటు) గొట్టం మీద ఉంటుంది. పాత గుడ్డతో మట్టి తుడిచి ఫొటో తీసుకోండి. షిమానో పార్టులు ఉంటే ఏడాది తెలుసుకోవడం ఇంకా తేలిక. క్రాంక్ చేతి వెనక వైపు రెండు అక్షరాలు అచ్చు కొట్టి ఉంటాయి. మొదటిది ఏడాది: ఎ అంటే 1976, బి అంటే 1977, అలా జడ్ 2001 దాకా. 2002లో మళ్లీ ఎ నుంచి మొదలైంది. రెండోది నెల: ఎ జనవరి, ఎల్ డిసెంబర్. ఎస్‌డి అని ఉంటే 1994 ఏప్రిల్‌లో తయారైన క్రాంక్ అన్నమాట. ఒక్క పార్టు చూసి నిర్ణయానికి రాకండి, అది మధ్యలో మార్చినది కావచ్చు. క్రాంక్, డిరైలర్లు (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే పార్టులు), హబ్‌లు (చక్రాల మధ్య భాగాలు) అన్నిటి మీదా అక్షరాలు దగ్గర దగ్గరగా ఉంటే బైక్ పెద్దగా చెయ్యి పడకుండా ఉందని అర్థం.

వెనక ఎన్ని పళ్ల చక్రాలున్నాయో కూడా లెక్కపెట్టండి. ఫ్రేము వెనక కాళ్ల మధ్య ఎడం లోపలి వైపు కొలవండి. 126 మిల్లీమీటర్లుంటే 7 స్పీడ్ (వెనక 7 పళ్ల చక్రాల) కాలం లేదా అంతకు ముందుది, 130 ఉంటే 8 స్పీడ్ లేదా ఆ తర్వాతిది. షిమానో 7400 సిరీస్ డ్యూరా ఏస్ వెనక డిరైలర్ కనిపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. దాని కేబుల్ లాగే లెక్క వేరు, మిగతా షిమానో ఇండెక్స్ (క్లిక్కులతో గేరు మార్చే) షిఫ్టర్లతో గేర్లు సరిగ్గా పడవు.

కొనాలా, వదిలేయాలా?

అయస్కాంతం అంటుకుంటే స్టీలు. స్టీలు ఫ్రేము కొద్దిగా తుప్పు పట్టినా భయం లేదు. సీటు పోస్టు తీసి లోపలికి టార్చి వేసి చూడండి, గోరుతో గీకితే పెచ్చులు లేస్తున్నాయంటే వదిలేయండి. అల్యూమినియం ఫ్రేములో వెల్డింగుల అంచున వెంట్రుకంత గీత కనిపించినా కొనొద్దు. కార్బన్ ఫ్రేమును రూపాయి బిళ్లతో అంతటా తడుతూ పోండి. టక్ టక్ అని వినిపించే చోటు నుంచి ఒక్కసారిగా మొద్దుబారిన శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. ముఖ్యంగా సీటు క్లాంపు, బాటమ్ బ్రాకెట్, హ్యాండిల్ గొట్టం చుట్టూ చూడండి. కార్బన్‌లో అల్యూమినియం ముక్కలు అతికించిన పాత ఫ్రేములైతే ఆ అతుకు దగ్గర పెయింటు ఉబ్బిందేమో చూడాలి.

సీటు పోస్టు, హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే పార్టు) కదులుతున్నాయా? అమ్మేవాళ్ల ముందే బోల్టు వదులు చేసి చూపించమనండి. ఇరుక్కుపోయిన సీటు పోస్టు ఉన్న బైక్‌కు సగం ధర కూడా ఎక్కువే.

విప్పడం మొదలుపెట్టే ముందు

అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. సీటు ఎత్తు, ప్యాడ్ల ఎత్తు కొలిచి రాసుకోండి. ఒక చిన్న క్యాలిపర్ కొనుక్కుంటే సీటు పోస్టు, స్టెమ్, హ్యాండిల్ క్లాంపు కొలతలు పక్కాగా తెలుస్తాయి. పాత బైక్‌లలో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా పార్టు పనికిరాదు. రెండు చోట్ల మర తిరగబడి ఉంటుంది: ఎడమ పెడల్‌కి, ఇంగ్లిష్ రకం బాటమ్ బ్రాకెట్‌లో చైను వైపు కప్పుకి. అవి సవ్యదిశలో తిప్పితే ఊడతాయి. రాకపోతే బలం పెంచకండి, చొచ్చుకుపోయే నూనె పోసి ఒక రాత్రి వదిలేయండి.

కేబుళ్లు ఫ్రేము లోపలి నుంచి పోతుంటే వాటిని ఊరికే లాగేయకండి. ముందు చివర కత్తిరించి, కేబుల్ మీంచి సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని ఫ్రేము లోపలికి తోసి, అవతల కొన కనిపించాక అప్పుడు కేబుల్ లాగండి. కొత్త కేబుల్ ఆ గొట్టంలోంచి నేరుగా వచ్చేస్తుంది. ఇప్పటికే ఎవరో లాగేసి ఉంటే, ఒక రంధ్రంలో నూలు దారం పెట్టి, రెండో రంధ్రం దగ్గర వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేయండి. దారం వచ్చేస్తుంది, దానికి గొట్టం కట్టి లాగండి.

హ్యాండిల్ దగ్గర రాజీ పడొద్దు

పాత ట్రయాథ్లాన్ బైక్‌లో అన్నిటికంటే ప్రమాదం దాగి ఉండేది ఇక్కడే. ఏరోబార్ల మీద వంగి తొక్కేటప్పుడు నుదుటి చెమటంతా బేస్ బార్ (ఏరోబార్లు బిగించి ఉండే అడ్డ హ్యాండిల్) మీదే పడుతుంది. దానికి తోడు ఒలికిన స్పోర్ట్స్ డ్రింకులు, సముద్రంలో ఈది వచ్చిన తడి. ఇంట్లో ట్రైనర్ (బైక్‌ను కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) మీద కట్టి తొక్కిన బైక్ అయితే మరీ ఘోరం, గాలి కూడా తగలదు. టేపు కింద ఏళ్ల తరబడి ఉప్పు పేరుకుని అల్యూమినియాన్ని తినేస్తుంది.

టేపు మొత్తం విప్పండి. మోచేతి ప్యాడ్ల క్లాంపులు తీసేయండి. బ్రష్‌తో రుద్దితే తెల్లటి పొడి రాలి, కింద చిన్న చిన్న గుంటలు కనిపిస్తే ఆ బార్ పారేయాల్సిందే. పైకి మెరుస్తున్నా సరే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో విరిగే హ్యాండిల్‌కు రెండో అవకాశం ఉండదు. ఈ ఒక్క పార్టు విషయంలో, అనుమానం ఉంటే కొత్తదే వేయండి. పాత స్టెమ్‌లకు 25.4 లేదా 26 మిల్లీమీటర్ల బార్ పడుతుంది, ఇప్పటివి 31.8. కొలిచి మరీ కొనండి. స్టెమ్ మీద కనీస లోతు గీత ఉంటుంది, అది హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగు) లోపల కనపడకుండా ఉండాలి.

బేరింగులు, చక్రాలు, బ్రేకులు

హబ్‌లు విప్పి, పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగేయండి. షిమానో హబ్‌లలో సాధారణంగా ముందు చక్రానికి ఒక్కో వైపు 3/16 అంగుళం గోళీలు 10, వెనక చక్రానికి ఒక్కో వైపు 1/4 అంగుళం గోళీలు 9 పడతాయి. గోళీలు చవక, కొత్తవే వేయండి. కోన్ (గోళీలను నొక్కి పట్టే ముక్క) మీద గుంట పడితే కోన్ కూడా మార్చాలి. కొత్త గ్రీజు పెట్టి బిగించాక ఇరుసును వేళ్లతో తిప్పి చూడండి. ఆట (వదులు) ఉండకూడదు, గరగర ఉండకూడదు.

రిమ్ము పక్క గోడ మీద వేలు పెట్టి చూడండి, బ్రేకు రాపిడికి లోపలికి బాగా గుంటపడి ఉంటే ఆ రిమ్ముతో తొక్కొద్దు. చిన్న వంకర్లుంటే బెండు తీయడం తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. జిగురుతో అతికించిన ట్యూబులర్ టైర్లుంటే అవి ఎంత కొత్తగా కనిపించినా నమ్మకండి. పాత జిగురు మలుపులో వదిలేస్తుంది. బ్రేకు ప్యాడ్లు గట్టిపడిపోయి ఉంటాయి, వాటినీ మార్చేయండి.

గేర్లు

కేబుళ్లూ వాటి పైతొడుగులూ అన్నీ కొత్తవి. ఇక్కడ పొదుపు చేస్తే గేర్లు ఎప్పటికీ సర్దుకోవు. చైను అరిగిందో లేదో తెలియాలంటే స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. 12 అంగుళాల దగ్గర సరిగ్గా మరో పిన్ను మధ్య భాగం రావాలి. 1/16 అంగుళం దాటితే చైను మార్చాలి, 1/8 దాటితే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) కూడా. 7 స్పీడ్ బైక్‌కి 8 స్పీడ్ చైను పనిచేస్తుంది.

ఏరోబార్ కొసల్లో ఉండే షిమానో 8, 9 స్పీడ్ షిఫ్టర్లు దొరికితే జాగ్రత్తగా దాచుకోండి. వెనక షిఫ్టర్‌ను ఫ్రిక్షన్ పద్ధతికి మార్చుకునే వీలుంటుంది. అప్పుడు క్లిక్కులుండవు, మీరే చేత్తో సర్దుకుంటారు. పైన చెప్పిన పాత డ్యూరా ఏస్ డిరైలర్ ఉన్నా బైక్ నడుస్తుంది.

650సి చక్రం చుట్టుకొలత సుమారు 1940 మిల్లీమీటర్లు, 700సిది సుమారు 2100. అందుకే ముందు 53 పళ్ల చక్రం ఉన్నా, 700సి లెక్కలో 49 పళ్ల దానిలా ఉంటుంది. గేర్లు తేలికగా అనిపిస్తే అదే కారణం. సైకిల్ కంప్యూటర్‌లో కూడా కొలత మార్చుకోండి, లేకపోతే వేగం ఎక్కువ చూపిస్తుంది.

రోడ్డెక్కించడం

బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించండి. స్టెమ్ ముందు బోల్టులకు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, క్యాసెట్ లాక్‌రింగ్‌కు 40. పార్టు మీద వేరే అంకె రాసి ఉంటే అదే పాటించండి. లోహపు సీటు పోస్టుకు గ్రీజు రాయాలి, కార్బన్‌కు కార్బన్ పేస్టు.

మోచేతి ప్యాడ్లను మొదట ఎత్తుగా పెట్టుకుని, మెడా నడుమూ అలవాటు పడేకొద్దీ దించండి. ఏరోబార్ల మీద ఉన్నప్పుడు చేతులు బ్రేకుల దగ్గర ఉండవు. కాబట్టి ట్రాఫిక్‌లో, గుంపులో, స్పీడ్ బ్రేకర్లున్న రోడ్డు మీద ఆ భంగిమ వద్దు. హైదరాబాద్‌లో అయితే ఓఆర్ఆర్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ మొదటి సాధనకు బాగుంటుంది. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 (మొత్తం 70.3 మైళ్ల ట్రయాథ్లాన్) లాంటి రేసు మీద కన్నుంటే, అందులో సైకిల్ భాగం 90 కిలోమీటర్లు. ఆ దూరం ముందే ఒకసారి తొక్కి చూడండి. సముద్రంలో ఈది తొక్కిన ప్రతిసారీ బైక్‌ను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, ప్యాడ్ల క్లాంపులు విప్పి తుడవండి.

మొదటి రెండు మూడు రైడ్ల తర్వాత కొత్త కేబుళ్లు సాగుతాయి, స్పోకులు సర్దుకుంటాయి. గేరు కేబుల్‌ను బ్యారెల్ అడ్జస్టర్‌తో అర చుట్టు బిగించండి, క్రాంక్ బోల్టులను ఇంకోసారి చూడండి, చక్రాన్ని తిప్పి బ్రేకు ప్యాడ్ ఎక్కడైనా తగులుతోందేమో గమనించండి.