కంపెనీలో తప్పు జరుగుతోందని కంప్లయింట్ రాసే ముందు

మేనేజర్ బోగస్ బిల్లులు పెడుతున్నాడని తెలిసింది. కోపం మీద ఆ రాత్రే హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టకండి. మర్నాటికి మీ లాగిన్ పనిచేయకపోవచ్చు. సర్దుకోవాల్సినవి ముందే సర్దుకోండి.

ఏ రోజు, ఎన్నింటికి, ఎవరేమన్నారు, పక్కనెవరున్నారు అన్నది అదే రోజు సొంత నోటుబుక్కులో రాయండి. ‘కొనుగోళ్లలో గోల్‌మాల్’ అంటే ఎవరూ కదలరు. ఫలానా వెండర్, ఫలానా ఇన్‌వాయిస్, సరుకు గేటు రిజిస్టర్‌లో ఎక్కలేదు అంటే విచారణ నేరుగా ఆ రిజిస్టర్ దగ్గరికే వెళ్తుంది. చూసింది, విన్నది, అనుమానం విడివిడిగా రాయాలి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ఆఫీసు ఫైళ్లన్నీ సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకుంటారు. అది ఐటీ వాళ్ల లాగ్స్‌లో పడుతుంది. బిల్లుల సంగతి పక్కకెళ్లి, గోప్యత ఒప్పందం మీరారంటూ మీకే షోకాజ్ నోటీసు వస్తుంది. ఫైలు పేరు, మెయిల్ సబ్జెక్టు, తేదీ రాసుకుని, వాటిని చెరిపేయకుండా భద్రపరచమని కంప్లయింట్‌లోనే అడగండి. మీ పేస్లిప్పులు, అప్రైజల్ రేటింగుల కాపీలు మాత్రం ఇంట్లో ఉండాలి. రేపు కక్షతో రేటింగ్ తగ్గిస్తే ఆ పాతవే సాక్ష్యం. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కదా అని ఫోన్ మార్చేయకండి, అసలు చాట్ అందులోనే ఉండాలి.

లిస్టెడ్ కంపెనీలు, బ్యాంకులకు 50 కోట్లకు మించి అప్పున్న కంపెనీలు 2013 కంపెనీల చట్టం సెక్షన్ 177 ప్రకారం విజిల్ మెకానిజం (vigil, అంటే ఉద్యోగులు భయపడకుండా తప్పుల్ని చెప్పుకునే ఏర్పాటు) పెట్టాలి. ఆరోపణ పైవాళ్ల మీదే అయితే ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కే రాయొచ్చు. లైంగిక వేధింపైతే దారి వేరు: చివరి సంఘటన నుంచి 3 నెలల్లోపు ఇంటర్నల్ కమిటీకి, 6 కాపీలు, సాక్షుల పేర్లతో. పదిమంది కూడా లేని ఆఫీసైతే జిల్లా లోకల్ కమిటీకి.

ఈసీఐఎల్, బీహెచ్ఈఎల్ లాంటి కేంద్ర సంస్థల ఉద్యోగులు తప్పులు బయటపెట్టేవాళ్లను కాపాడే 2014 విజిల్ బ్లోయర్ల (whistle blowers) చట్టాన్ని నమ్ముకోవద్దు, అది అమల్లోకే రాలేదు. కేంద్ర ప్రభుత్వ 2004 నాటి తీర్మానం కింద ఢిల్లీలోని కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి సీలు వేసిన కవరులో పంపాలి. కవరు మీద ‘కంప్లయింట్ అండర్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్’ అని ఉండాలి, మీ పేరు ఉండకూడదు. పేరు, చిరునామా లోపలి ఉత్తరంలో తప్పనిసరి, ఆకాశరామన్న ఉత్తరాలు తీసుకోరు. మీ పేరు బయటపడకుండా రసీదు కూడా ఇవ్వరు, గాభరా పడకండి. రాష్ట్ర ఉద్యోగి లంచమడిగితే ఏసీబీ నంబరు 1064.

కంప్లయింట్ ఇచ్చాక మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి రాజీనామా మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. ఆ మాటే మెయిల్‌లో పంపమనండి.