సంక్రాంతికి బండెక్కే ముందు: రక్తం ఆపే సామాను దగ్గర పెట్టుకున్నారా?

సంక్రాంతికి ఊరెళ్లాలంటే బండి సర్వీసింగ్‌కి ఇస్తాం, టైర్లలో గాలి చూసుకుంటాం, అమ్మకి చీర, నాన్నకి పంచె, పిల్లలకి పతంగులు, అన్నీ సర్దుకుంటాం. దారిలో ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే ఏంటి అంటే మాత్రం, బండి కొన్నప్పుడు షోరూమ్‌లో ఇచ్చిన ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా సీటు కింద ఉందిగా అంటాం. ఒకసారి దాన్ని తెరిచి చూడండి. నాలుగు బ్యాండ్‌ఎయిడ్‌లు, చిటికెడు దూది, ఎండకి జిగురు కారిపోయిన టేపు. మోకాలు గీరుకుపోతే పర్లేదు, పనికొస్తుంది. ఈ పండక్కి మన దగ్గర మనుషుల ప్రాణాలు తీసే దెబ్బలకి మాత్రం అది ఎందుకూ చాలదు.

ఆ దెబ్బలేంటంటే, 2024 జనవరిలో హైదరాబాద్ లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బైక్‌పై వెళ్తున్న ఒక ఆర్మీ జవానుకి చైనా మాంజా గొంతుకి కోసుకుపోయి ప్రాణం పోయింది. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లాలో కోడి కాలికి కట్టిన కత్తి గజ్జల్లో దిగి, ఆ కోడిని తెచ్చిన మనిషే ఆసుపత్రికి చేరేలోపు చనిపోయాడు. గోదావరి జిల్లాల్లో కూడా కోడికత్తి తగిలి పోయినవాళ్లున్నారు (పందేలు చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు, ఏటా హెచ్చరికలు వస్తాయి, ఏటా బరులూ వెలుస్తాయి, అది వేరే గొడవ). ఇక హైవే సంగతి చెప్పక్కర్లేదు, భోగి ముందు రెండు రోజులు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు 65వ నంబర్ జాతీయ రహదారి ఎలా ఉంటుందో అందరం చూసిందే.

మాంజా అయినా, కోడికత్తి అయినా, లారీ కింద పడిన కాలైనా, ముందు ప్రాణం మీదకి తెచ్చేది ఒంట్లోంచి పోయే రక్తమే. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్లు, తొడలో పెద్ద రక్తనాళం తెగిందంటే కొద్ది నిమిషాల్లోనే మనిషి చేజారిపోతాడు. 108 మనకి 2005 నుంచి ఉంది, ఎందరినో కాపాడింది, కానీ పంతంగి టోల్ ప్లాజా దగ్గర కిలోమీటర్ల కొద్దీ బండ్లు ఆగిపోయి ఉన్నప్పుడు ఆ అంబులెన్సు మాత్రం ఎగిరి రాలేదుగా. అది వచ్చేదాకా చేయాల్సింది పక్కనున్నవాళ్లే చేయాలి.

అందుకే చెప్పేది, రక్తం ఆపడానికి మాత్రమే పనికొచ్చే ఒక చిన్న పౌచ్ కట్టుకోండి, దాన్ని పండక్కే కాదు రోజూ దగ్గరే ఉంచుకోండి. అందులో ఉండాల్సింది చాలా తక్కువ. నైట్రైల్ గ్లవ్స్ రెండు జతలు, ఒక టోర్నికెట్ (చేతికో కాలికో బిగించి రక్తం ఆపే పట్టీ), గాయంలో కుక్కడానికి శుభ్రమైన గాజ్ రోల్స్ రెండు మూడు, అదిమి కట్టడానికి 4 లేదా 6 అంగుళాల క్రేప్ బ్యాండేజీ, బట్టలు కోయడానికి మొన మొద్దుగా ఉండే కత్తెర, ఒక మార్కర్ పెన్ను. అంతే, ప్యాంటు పక్కజేబులోనో హ్యాండ్‌బ్యాగ్‌లోనో పట్టేస్తుంది. టోర్నికెట్ తప్ప మిగతావన్నీ ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతాయి, లేదంటే సర్జికల్ షాపులు ఉన్న వీధికి, హైదరాబాద్‌లో అయితే కోఠీ వైపు, ఒక్కసారి వెళ్తే సరి. కుట్లేసే సూది, డెటాల్ సీసా, నొప్పి మాత్రలు ఇందులో పెట్టకండి. ముఖ్యంగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తం కారేవాళ్లకి ఇవ్వకూడదు, ఇంకా కారుతుంది.

టోర్నికెట్ దగ్గర కాస్త ఆగాలి, మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే. సైన్యం వాడే మోడల్ చూడ్డానికి నల్ల బెల్టులా ఉంటుంది, మధ్యలో తిప్పడానికి ఒక పుల్ల, ఆ పుల్లని ఆపడానికి ఒక క్లిప్పు. అచ్చం అలాగే కనబడే నకిలీలు ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే అమ్ముతున్నారు. అసలుది వేలల్లో ఉంటుంది. నకిలీది గట్టిగా తిప్పేసరికి ఆ పుల్ల వంగిపోతుంది, లేదా విరిగిపోతుంది, అది కూడా సరిగ్గా అవసరమైన క్షణంలో. డబ్బులు పెట్టలేకపోతే నకిలీది కొనే బదులు గాజ్ రోల్స్ ఇంకో నాలుగు కొనుక్కోండి, నా మాట వినండి.

వాడేది చేతికి, కాలికి మాత్రమే. గాయానికి 2, 3 అంగుళాలు పైన, గుండె వైపు, మోకాలు మీదా మోచేయి మీదా పడకుండా పెట్టాలి. బెల్టుని ముందే చేత్తో వీలైనంత బిగించాలి, వదులు ఉంచి పుల్ల తిప్పితే ఎంత తిప్పినా లాభం లేదు. జేబులో ఫోనో తాళాలో ఉంటే తీసేయాలి. ఆ తర్వాత రక్తం ఆగేదాకా పుల్ల తిప్పాలి, ఆగాక క్లిప్పులో ఇరికించాలి. ఇక్కడే చాలామంది సగంలో వదిలేస్తారు, ఎందుకంటే దెబ్బ తగిలినవాళ్లు నొప్పికి గోల పెడతారు, తీసెయ్ తీసెయ్ అని చెయ్యి పట్టుకుంటారు. అలా నొప్పి పుడితేనే అది సరిగ్గా బిగిసినట్టు. సగం బిగిస్తే ఇంకా ప్రమాదం, లోపలికి వెళ్లే రక్తం వెళ్తూనే ఉంటుంది, తిరిగొచ్చేది ఆగిపోయి గాయం ఇంకా కారుతుంది. బిగించిన టైమ్ మార్కర్‌తో నుదుటి మీదో టోర్నికెట్ మీదో రాసేయండి. మధ్యలో వదులు చేసి చూడొద్దు, తీయాల్సింది డాక్టరే. రెండు గంటల లోపు మామూలుగా కాలికి శాశ్వతంగా ఏమీ కాదు, కాబట్టి కాలు పోతుందేమో అని టెన్షన్ పడి ప్రాణం పోనివ్వకండి.

టోర్నికెట్ లేదా? కండువా, చున్నీ, తువ్వాలు, ఏదైనా రెండు అంగుళాల వెడల్పు ఉండేలా మడిచి కట్టి, ముడి మీద బండి స్పానరో గట్టి పుల్లో పెట్టి మరో ముడి వేసి తిప్పండి. పుల్ల లేకుండా ఉత్త గుడ్డ ఎంత గట్టిగా కట్టినా పెద్ద నాళం ఆగదు. తాడు, వైరు, షూ లేసు వద్దు, కండ కోసుకుపోతుంది.

గజ్జలు, చంక, భుజం దగ్గర తెగితే టోర్నికెట్ పెట్టడానికి చోటుండదు. కోడికత్తి దెబ్బ తొడ పైభాగంలోనూ పడొచ్చు కాబట్టి బరుల దగ్గరికి వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. గ్లవ్స్ వేసుకుని, బట్ట కత్తిరించి, రక్తం ఎక్కడి నుంచి ఉబుకుతోందో వేలితో ఆ చోటు పట్టుకోవాలి. గాజ్ రోల్ కొసని ఆ వేలి కిందే లోపలికి నెట్టి, ఒక వేలు తీసేముందు ఇంకో వేలితో ఇంకాస్త కుక్కుతూ, గాయం నిండి గాజ్ పైకి తేలేదాకా కుక్కుతూనే ఉండాలి. మిగిలిన రోల్‌ని పైన ముద్దలా పెట్టి రెండు చేతులతో, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. కనీసం 10 నిమిషాలు, గడియారం చూసి, మధ్యలో ఎత్తి తొంగి చూడకుండా. తడిసిపోతే పైన ఇంకో పొర వేసి ఇంకా గట్టిగా నొక్కండి, కుక్కింది లాగేయకండి. చూస్తే కష్టంగానే ఉంటుంది, చేసేవాళ్లకి కళ్లు తిరగొచ్చు కూడా. ఇంట్లో పాత స్పాంజి ముక్కకి గాటు పెట్టి ఒకసారి కుక్కి చూడండి, వేళ్లకి అలవాటవుతుంది. పొట్టలోకీ ఛాతీలోకీ దిగిన గాయాల్లో మాత్రం ఇలా కుక్కకూడదు. దిగబడిన కత్తి, ఇనుప చువ్వ లాంటివి ఎక్కడున్నా పీకొద్దు, కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మెడ విషయం వేరు. మాంజా కోసిన చోట గాజ్ పెట్టి అరచేత్తో నొక్కి పట్టుకోండి, తెగిన వైపే, ఊపిరి గొట్టం మీద బరువు పడకుండా. మెడ చుట్టూ కట్టు కట్టకండి. అంబులెన్సులో ఎక్కాక కూడా ఆ చెయ్యి తీయకూడదు. అసలు ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడం తేలిక: జనవరి మొదటి వారం నుంచే మెడకి మందపాటి మఫ్లరో నెక్ గార్డో వేసుకోండి, హెల్మెట్ వైజర్ దించండి, ఫ్లైఓవర్ల మీద స్పీడు తగ్గించండి, పిల్లల్ని ముందు పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టి తిప్పకండి. గుజరాత్‌లో పండగ రోజుల్లో స్కూటర్ హ్యాండిల్‌కి వంపు తిరిగిన ఇనుప చువ్వ బిగించుకుంటారు, దారం దానికే తగిలి ఆగిపోతుంది. మన దగ్గర ఏ వెల్డింగ్ షాపువాడైనా చేసిస్తాడు. నైలాన్ మాంజాని 2017లోనే గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, అయినా గాల్లో ఏముందో మీకు కనబడదు కదా.

మన జనంలో కొన్ని అలవాట్లున్నాయి, పౌచ్ ఎంత మంచిదైనా వాటి ముందు నిలబడదు. గాయంలో పసుపో కాఫీ పొడో అద్దడం ఒకటి. పొలంలో చిన్న గాటు పడితే గడ్డి చామంతి పసరు పిండుకోవడం వేరు, రక్తం చిమ్ముతుంటే ఆ నిమిషం కూడా వృథా. పడిపోయిన మనిషి నోట్లో నీళ్లు పోయడం ఇంకొకటి, స్పృహ సరిగ్గా లేకపోతే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్‌కీ అడ్డం. నలుగురు చేతులూ కాళ్లూ పట్టుకుని మూటలా ఆటోలో కుక్కడం మరొకటి. ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ కూడా లాగకండి. గుంపులో ఒకరిని వేలెత్తి చూపించి, నీలం చొక్కా అన్నా మీరు 108కి కొట్టండి, అని పని అప్పజెప్పండి. ఊరికే ఎవరైనా ఫోన్ చేయండి అంటే అందరూ వీడియో తీస్తారు. హైవే మీద అయితే 1033 కూడా ఉంది, దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద నంబరు, ఏ వైపు వెళ్లే రోడ్డు, దాటిన టోల్ ప్లాజా పేరు, ఈ మూడూ చెప్తే వెతుక్కోకుండా వస్తారు.

పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇంకా పోలేదు. సాయం చేసినవాళ్లని వేధించకూడదని కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకి సుప్రీంకోర్టు 2016లోనే బలం ఇచ్చింది, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఏ సెక్షన్ పెట్టారు. మంచి మనసుతో చేసిన సాయానికి మీ మీద కేసు ఉండదు, పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఆసుపత్రి మిమ్మల్ని ఆపకూడదు, డబ్బులు కట్టమనకూడదు. రోడ్డు ప్రమాద బాధితులకి 7 రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేని వైద్యం 2025 నుంచి అమల్లో ఉంది, ఆ మాట అక్కడ గట్టిగా అడగండి.

పౌచ్‌ని లగేజీ అడుగున పెడితే లేనట్టే. బైక్ మీద నడుముకి, కారులో డ్రైవర్ సీటు దగ్గర, ఆఫీసు బ్యాగులో ముందు జిప్పులో. సీటు కింద పెట్టేవాళ్లు వేసవికి ముందు, సంక్రాంతికి ముందు తెరిచి చూడాలి, ఎండ వేడికి గ్లవ్స్ అతుక్కుపోతాయి, టోర్నికెట్ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. వెనక కూర్చునేవాళ్లకి, అది మీ ఆవిడ అయినా తమ్ముడైనా, ఎక్కడుందో చూపించండి, దెబ్బ తగిలేది మీకే కావచ్చు. ప్రాక్టీసుకి వేరే టోర్నికెట్ ఉంచుకోండి, వాడి వాడి అరిగినదాన్ని పౌచ్‌లో పెట్టొద్దు. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లు ప్రథమ చికిత్స క్లాసులు పెడతారు, వీలైతే ఒక్కసారి కూర్చుని రండి, ఛాతీ గాయాల లాంటివి చదివి నేర్చుకునేవి కావు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఆ మర్నాటి నుంచి తిరుగు ప్రయాణం రద్దీ మొదలు. వెళ్లేటప్పుడు ఎవరికైనా వాడి ఉంటే, టోర్నికెట్ ఎలాగూ వాళ్లతోనే వెళ్లిపోతుంది, వచ్చేముందు మళ్లీ నింపుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. రక్తం మీ కంట్లోనో నోట్లోనో పడినా, మీ చేతి మీద తెగిన చోట తగిలినా, మొహమాటపడకుండా అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు.