మొదటి ఉపవాస దినాన్ని గడపడం ఎలా: సిద్ధపాటు నుంచి విరమణ వరకు

ఉపవాసం ఉండాలని తలంచే విశ్వాసి ఏ రోజు, ఎన్ని పూటలు అన్న లెక్కకు దిగే ముందు, అసలు ఎందుకు ఉంటున్నాడో ఒక్క వాక్యంలో నోటు పుస్తకంలో రాసుకోవడం మంచిది. మన క్రైస్తవ సంఘాల్లో ఉపవాస ప్రార్థన అనగానే ఉద్యోగం, వీసా, పెళ్లి సంబంధం, అప్పుల బాధ, కోర్టు వ్యవహారం వరుసగా గుర్తుకొస్తాయి. అడగడం తప్పు కాదు. బబులోను చెర నుంచి యెరూషలేముకు బయలుదేరిన యాజకుడు ఎజ్రా కూడా అహవా నది దగ్గర తనతో ఉన్న కుటుంబాల క్షేమకరమైన ప్రయాణం కోసమే ఉపవాసం చాటించాడు. అయితే చెరలో ఉన్న డెబ్బై సంవత్సరాలూ ఐదవ నెలలోనూ ఏడవ నెలలోనూ క్రమం తప్పక ఉపవసించిన జనాన్ని, అది నిజంగా నా కోసమే చేశారా అని దేవుడు ప్రవక్త జెకర్యా ద్వారా అడిగిన సంగతి కూడా అదే బైబిలులో ఉంది. బిడ్డ బ్రతకాలని ఏడు రోజులు నేలపై పడి ఉన్న దావీదు, బిడ్డ చనిపోయాడని తెలిసిన తరువాత లేచి, స్నానం చేసి, ముందు యెహోవా మందిరానికి వెళ్లి మ్రొక్కి, ఆ పిమ్మట భోజనం చేశాడు. అడిగింది దొరకకపోయినా మందిరానికి వెళ్లగలనా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకున్న తరువాత మొదలుపెట్టిన ఉపవాసమే, నా దృష్టిలో, దేవునికి దగ్గర కావడానికి పనికివస్తుంది. అంతియొకయలోని సంఘం ప్రభువును సేవించుచు ఉపవాసం చేస్తున్నప్పుడే పరిశుద్ధాత్మ వారితో మాట్లాడినట్లు అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం చెబుతుంది. అప్పుడు వారు ఏదో అడుగుతున్నారని అక్కడ రాయలేదు.

ఏ విధమైన ఉపవాసం

నీళ్లు మాత్రమే తాగి ఆహారం పూర్తిగా మానడం ఒక పద్ధతి. దానియేలు 10వ అధ్యాయంలో వలె రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం విడిచి, ప్రాణం నిలిచేంత మాత్రమే తీసుకోవడం మరొకటి. పారసీక రాణి ఎస్తేరు కోసం రాజధాని షూషనులోని యూదులు మూడు రోజులు అన్నపానాలు రెండూ మానివేశారు గాని, అది ఒక జాతి మొత్తం నాశనం అంచున నిలబడినప్పటి సంగతి. మన మార్చి, ఏప్రిల్ ఎండల్లో నీళ్లు కూడా మానడాన్ని భక్తికి కొలతగా ఎవరూ పెట్టుకోకూడదు.

కతోలిక సంఘంలో నియమం స్పష్టంగా ఉంది: ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల మొదటి రోజైన విభూది బుధవారం నాడు, శుభ శుక్రవారం నాడు, పద్దెనిమిదేళ్లు నిండినవారు అరవయ్యో ఏడు మొదలయ్యే వరకు రోజుకు ఒకే పూర్తి భోజనం చేస్తారు; అవసరమైతే రెండు చిన్న ఫలహారాలు తీసుకోవచ్చు, ఆ రెండూ కలిపినా ఒక భోజనానికి సమానం కాకూడదు. ప్రొటెస్టెంటు సంఘాల్లో ఇంత వివరమైన చట్టం లేదు గాని, శుక్రవారం ఉపవాస ప్రార్థన చాలా చోట్ల వాడుకగా స్థిరపడింది. ఆ వాడుకకు పాత వేరు ఉంది. డిడాకే అనే తొలి శతాబ్దాల సంఘ బోధలోనే బుధ, శుక్రవారాల్లో ఉపవసించమని ఉంది; 18వ శతాబ్దంలో మెతడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ కూడా తనవారికి ఈ అలవాటునే గుర్తుచేశాడు. గురువారం రాత్రి భోజనం తరువాత ఏమీ తినక, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల వరకు ఉండడం మొదటిసారి ప్రయత్నించేవారికి సరిపోయిన కొలత. యేసు సిలువపై ప్రాణం విడిచిన గడియ కూడా అదే కాబట్టి విరమణకు ఒక అర్థవంతమైన సమయం దొరుకుతుంది.

శ్రమల దినాలు వచ్చినప్పుడు "నలభై రోజుల ఉపవాసం" అనే మాట ప్రతి సంఘంలోనూ వినిపిస్తుంది. సాధారణంగా దాని అర్థం నలభై రోజులు కూడికలకు వెళ్లడం, రోజూ ఒక పూట మానడం. దానిని అక్షరాలా తీసుకుని నలభై దినాలు నీళ్లతో ఉండడానికి పూనుకోవడం ప్రమాదకరం. ఐదారు రోజులు దాటిన నిరాహారం తరువాత ఒక్కసారిగా తింటే రక్తంలోని లవణాల సమతుల్యం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుని పర్యవేక్షణ లేకుండా అటువంటి దానికి ఎవరు ప్రోత్సహించినా, వారు ఎంత పెద్ద సేవకులైనా, వినకండి.

ఎవరు ఉండకూడదు

ఇన్సులిన్ గాని, షుగరును వేగంగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కడుపులో పుండు ఉన్నవారు, పెరిగే వయసు పిల్లలు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బందిపడి కోలుకున్నవారు ఆహారం మానే ఉపవాసానికి దూరంగా ఉండాలి, లేదా ముందుగా వైద్యునితో మాట్లాడాలి. ప్రార్థన చేసుకుని మాత్రలు ఆపేయడం విశ్వాసం కాదు. ఉపవాసంలో ఉండగా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే, లేదా షుగరు పరీక్షలో 70 కంటే తక్కువ చూపిస్తే, వెంటనే పంచదార నీళ్లు తాగి ఉపవాసం ముగించాలి. కూడిక మధ్యలో ఉన్నా సరే, ఆమెన్ వరకు ఆగనక్కరలేదు. ఇలా ఆహారం మానకూడనివారికి మరో దారి ఉంది: మాంసం, తీపి, టీవీ సీరియల్, ఫోనులో గడిపే సాయంకాలం వంటి ప్రియమైనదొకటి ఆ రోజుకు మానుకుని, ఆ గంటను ప్రార్థనకు ఇవ్వవచ్చు.

ముందు రోజు

రోజుకు నాలుగైదు టీలు తాగేవారికి ఉపవాస దినాన వచ్చే తలనొప్పి చాలావరకు ఆకలిది కాదు, టీ మానినందువల్ల వచ్చేది. మూడు నాలుగు రోజుల ముందు నుంచి ఒక్కొక్క కప్పు తగ్గించుకుంటూ వస్తే ఈ బాధ ఉండదు. ముందు రాత్రి మామూలు భోజనమే చేయాలి. రేపు తినము కదా అని రెండింతలు తినడం వల్ల తెల్లవారేసరికి ఆకలి ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు. ఉప్పు, కారం మితంగా ఉంటే దాహం తక్కువగా ఉంటుంది. ఆ రాత్రే మరుసటి రోజు చదవవలసిన వాక్యభాగాలను గుర్తుపెట్టుకోండి. పొద్దున్నే పుటలు తిప్పుతూ కూర్చుంటే సగం సమయం అందులోనే పోతుంది.

ఇంట్లో చెప్పాలా వద్దా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. తల అంటుకొని, ముఖము కడుగుకొని, రహస్యమందున్న తండ్రికే కనబడునట్లు ఉపవసించమని యేసు చెప్పిన మాట మనుషుల మెప్పు కోసం చేసే ప్రదర్శనను గురించినది. వంట చేసే అమ్మకో భార్యకో ముందుగా చెప్పడం ప్రదర్శన కాదు, మర్యాద. చెప్పకపోతే వండిన అన్నం పాడవుతుంది, వారి మనసూ నొచ్చుకుంటుంది. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మాత్రం వేరే సంగతి.

ఆ రోజు

ఆహారం మానడం వల్ల మిగిలిన సమయాన్ని ప్రార్థనకు ఇవ్వకపోతే, ఆ రోజు కేవలం పస్తుగా మిగిలిపోతుంది. టిఫినుకు, మధ్యాహ్న భోజనానికి, మధ్యలో టీలకు కలిపి మనం రోజూ గంటన్నర వరకు వెచ్చిస్తాం. ఆ పూటలను అలాగే ఉంచి, వాటి స్థానంలో వేరేది పెట్టండి. టిఫిను వేళకు 63వ కీర్తన నెమ్మదిగా, పైకి వినబడేటట్లు చదవండి. నీళ్లులేని ఎండిన దేశంలో దేవుని కోసం దప్పిగొన్నవాని మాటలు ఖాళీ కడుపుతో చదివినప్పుడు వేరుగా వినిపిస్తాయి. భోజనం వేళకు ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం, ఆ వెంటనే మత్తయి 4వ అధ్యాయం చదివితే, మనుష్యుడు రొట్టెవలన మాత్రము జీవింపడన్న మాటను అరణ్యంలో యేసు ఎక్కడి నుంచి తీసుకున్నాడో తెలుస్తుంది. తరువాతి అరగంటను ఇతరుల కోసం, పేరు పేరునా చేసే విజ్ఞాపనకు ఉంచండి. మధ్యాహ్నం రెండు గంటలు దాటాక శరీరం నీరసిస్తుంది. అప్పుడు పెద్ద ప్రార్థనలకు ప్రయత్నించక మౌనంగా కూర్చోవడం మేలు.

ఆకలి ఎడతెగకుండా ఉండదు, అలవాటైన భోజన వేళకు బాగా పెరిగి కాసేపటికి తగ్గుతుంది. అది వచ్చిన ప్రతిసారీ చెప్పుకోవడానికి "ప్రభువా, నీవే నాకు చాలు" వంటి ఒక చిన్న ప్రార్థనను ముందే ఎంచుకుంటే, ఆకలే మందిరపు గంట వలె ప్రార్థనకు పిలుస్తుంది. నీళ్లు తరచూ తాగుతూ ఉండండి.

కోపం ఈ రోజున త్వరగా వస్తుంది, దీనిని ముందే తెలుసుకుని ఉండాలి. కలహపడుతూ, పిడికిలితో కొడుతూ ఉపవసించేవారిని యెషయా 58వ అధ్యాయం గద్దిస్తుంది. ఉపవాస దినాన పనివారిచేత కఠినమైన పని చేయించడాన్ని కూడా అదే అధ్యాయం తప్పుపట్టింది. ఈ రెండవ మాట మన ఇళ్లకు నేరుగా తగులుతుంది. ఇంటి పెద్ద ఉపవాసం ఉండి సాయంత్రం విరమణకు నాలుగు కూరలు కావాలంటే, ఆయన భక్తి భారమంతా వంటింట్లో ఇంకొకరు మోస్తున్నారన్నమాట. భార్య కూడా ఉపవాసం ఉన్న రోజున పిల్లలకు భర్తే వండిపెట్టాలి, లేదా ముందు రోజే వండి ఉంచాలి. అన్నం వాసన మధ్య నిలబడి కూర తిరగమోత పెడుతూ ఉపవసించే స్త్రీల ఓర్పును మన సంఘాలు సరిగా లెక్కలోకి తీసుకోలేదని నా అభిప్రాయం. మిరప చేలో, ఇటుక బట్టీలో ఎండలో పని చేసేవారు పని రోజున పగటి భోజనం మానకూడదు. వారు రాత్రి భోజనం మాని, ఆ గంట మోకరించవచ్చు, లేదా పని లేని రోజును ఎంచుకోవచ్చు.

మానిన భోజనం ఖరీదు ఇంట్లోనే మిగిలిపోకూడదు. ఆ రోజు తినబోయే ఆహారం వెల లెక్కకట్టి విధవరాలికో, దిక్కులేనివారికో ఇవ్వమని, హెర్మాసు కాపరి అనే రెండవ శతాబ్దపు రచన సూచించింది. మానిన టిఫిను, భోజనం డబ్బును విడిగా తీసిపెట్టి, ఆ వారంలోనే ఆకలితో ఉన్న ఒకరికి చేరవేయండి. కానుక పెట్టెలో వేయడం సులభమే గాని, యెషయా చెప్పినది ఆకలిగొన్నవానికి నీ ఆహారం పెట్టడం. కాబట్టి చేతికి అందించగలిగితే ఇంకా మంచిది.

విరమణ, ఆ తరువాత

మూడు గంటలకు కృతజ్ఞతా ప్రార్థన చేసి, ముందుగా ఒక గ్లాసు నీళ్లు, తరువాత పలుచని మజ్జిగ గాని రాగి జావ గాని తీసుకోండి. అరగంట ఆగి అరటిపండో, పెసరకట్టుతో మెత్తని అన్నమో తినవచ్చు. ఒక్కపూట ఉపవాసమే అయినా బిర్యానీతోనో పకోడీలతోనో ముగిస్తే కడుపు మంట తప్పదు. కూడికలో సామూహికంగా విరమించేటప్పుడు వడ్డించేవారు ఈ సంగతి గమనించుకుంటే బాగుంటుంది.

ఆ సాయంత్రం నోటు పుస్తకం తెరిచి, ఏ వాక్యం దగ్గర మనసు ఆగిందో, ఎవరిమీద కోపం వచ్చిందో, ఏ సంగతిని దేవుని ముందు చెప్పలేక దాటవేశామో రాసుకోండి. స్వరాలు వినబడకపోయినా, కన్నీళ్లు రాకపోయినా ఉపవాసం వృథా అయినట్లు కాదు; చాలాసార్లు దాని ఫలితం తరువాతి వారంలో ఒక క్షమాపణ అడగడంగానో, ఒక అలవాటు మానడంగానో కనిపిస్తుంది. నీరసించి మధ్యలో తినవలసి వస్తే కృతజ్ఞతతో తిని, నిర్ణయించుకున్న ప్రార్థన వేళలను మాత్రం అలాగే పాటించండి. తరువాతి ఉపవాసం తేదీని ఆ రాత్రి ఉత్సాహంలో ఖాయం చేయక, వారం గడిచాక, ఇంట్లోవారితోనూ, అవసరమైతే సంఘ కాపరితోనూ మాట్లాడి నిర్ణయించుకోండి.