బిగించిన ఉక్కు తీగల దగ్గర రక్షణ – మూడవ పాఠం: చేతులు, కళ్లు, నిలబడే చోటు

స్ట్రాండ్ (ఉక్కు తీగలు పేనిన తాడు) చుట్టిన కాయిల్‌ను ఇనుప చట్రంలో బిగించకుండా దాని పట్టీలు తెంచకూడదని గత పాఠంలో తెలుసుకున్నాము. ఆ స్ట్రాండ్‌ను కోసి, గర్డర్‌లోని (వంతెన దూలంలోని) గొట్టంలోకి దూర్చి, జాక్‌తో (నూనె ఒత్తిడితో లాగే యంత్రంతో) లాగే వేళ మన ఒంటి మీద ఏమేమి ఉండాలో ఈ పాఠంలో చూద్దాము.

ముందుగా బలం సంగతి. వంతెనల పనిలో విరివిగా వాడే 15.2 మిల్లీమీటర్ల స్ట్రాండ్ ఏడు తీగల పేట; అది తెగాలంటే సుమారు 26 టన్నుల బలం కావాలి, లాగేటప్పుడు అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు దాని మీద పడుతుంది. అంత బిగువులో వెడ్జ్ (స్ట్రాండ్‌ను కరచి పట్టే చీల) జారితే దూసుకువచ్చే తీగను ఏ హెల్మెట్టూ ఆపలేదు. అందువల్ల జాక్ వెనుక గాని, అవతలి చివర యాంకర్‌కు (వెడ్జ్‌లు కూర్చునే ఉక్కు దిమ్మకు) ఎదురుగా గాని ఎవరూ ఉండరాదు. జాక్‌కు నూనె పంపే పంపు నడిపేవారు కూడా పక్కకు నిలబడే మీటరు చదవాలి.

ఇక చేతులు. కోసిన స్ట్రాండ్ కొన సూదిలా ఉంటుంది కాబట్టి నూలు గ్లౌజులు చాలవు. దూర్చేటప్పుడు తోలు అరచేయి ఉన్నవి, వెడ్జ్‌లు అమర్చేటప్పుడు వేళ్లకు స్పర్శ తెలిసేలా పలుచగా ఉండి కోతను తట్టుకునేవి వేసుకోవాలి. వదులు గ్లౌజులతో కట్టర్ మిషన్ పట్టుకోవద్దు, చక్రం వాటిని లాక్కుంటుంది. పంపు నుంచి జాక్‌కు వెళ్లే నూనె గొట్టం కారుతోందనిపిస్తే చేత్తో తడమవద్దు: ఆ ఒత్తిడిలో సన్నని ధార గ్లౌజును, చర్మాన్ని కూడా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే కనిపించినా, వెంటనే శస్త్రచికిత్స అందకపోతే వేలు పోవచ్చు. పంపు ఆపి, ఒత్తిడి పూర్తిగా దించిన తరువాతే గొట్టాన్ని పరీక్షించాలి.

కళ్ల విషయంలో మన విశాఖ వాతావరణమే పెద్ద చిక్కు. మే నెలలో సముద్రపు తేమకు, చెమటకు గాగుల్స్ కాసేపటికే మసకబారుతాయి. పనివారు వాటిని నుదుటి మీదికి నెట్టుకుంటారు. గాజువాక వైపు ఒక సైటులో నేను చూసిన కంటి గాయం సరిగ్గా అలాంటి క్షణంలోనే జరిగింది, ఆ కుర్రవాడిని తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. అతనిని నిర్లక్ష్యపరుడని అనడం న్యాయం కాదు. కనబడని అద్దం పెట్టుకుని ఎవరు పని చేయగలరు? గాలి ఆడే రంధ్రాలు, ఆవిరి పట్టని పూత ఉన్న గాగుల్స్ అడిగి తీసుకోండి. మసకబారితే మిషన్ ఆపి, దూరంగా వచ్చి, పొడి గుడ్డతో తుడవండి. సిమెంటు దుమ్ము పట్టిన చొక్కా అంచుతో తుడిస్తే అద్దం గీరుకుపోతుంది. కోసేటప్పుడు గాగుల్స్ పైన ముఖకవచం కూడా ఉండాలి.

హెల్మెట్ మీద ఐ.ఎస్. 2925, బూట్ల మీద ఐ.ఎస్. 15298 ముద్ర చూసుకోండి.

అభ్యాసం: మీ గ్లౌజులు తొడుక్కుని నేల మీది చిన్న నట్టును తీసి బోల్టుకు ఎక్కించండి. మూడుసార్లు ప్రయత్నించినా కుదరకపోతే ఆ గ్లౌజులు వెడ్జ్ పనికి పనికిరావు. తరువాత మధ్యాహ్నం ఎండలో గాగుల్స్ పెట్టుకుని, ఎన్ని నిమిషాలకు మసకబారాయో పుస్తకంలో రాసుకోండి; ఎత్తు మీద నడుముకు, భుజాలకు కట్టుకునే బెల్టు గురించిన నాలుగవ పాఠంలో ఆ లెక్క మనకు అవసరమవుతుంది.