చార్జింగ్ కేబుల్ కొనేముందు ఏం చూస్కోవాలి, కొన్నాక ఎలా చెక్ చేస్కోవాలి

కేబుల్ పోయిందని ఫిక్స్ అయిపోయి షాపుకి బయల్దేరే ముందు ఫోన్ చార్జింగ్ పోర్టులోకి ఒకసారి టార్చ్ వేసి చూడండి. ఎప్పుడూ ప్యాంటు జేబులో ఉండే ఫోన్ అయితే లోపల అడుగున నూలు దుమ్ము గట్టిగా పేరుకుపోయి ఉంటుంది, దాంతో పిన్ పూర్తిగా దిగదు, కాస్త కదిలిస్తే చార్జింగ్ ఆగిపోతుంది, మనమేమో కేబుల్ లూజ్ అయిందని దాన్ని తిట్టుకుంటాం. ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంట మెల్లగా గీకి లాగేయండి. సూదులూ పిన్నీసులూ మాత్రం వద్దు, టైప్ సీ పోర్టు మధ్యలో సన్నటి పట్టీ ఉంటుంది చూశారా, కాంటాక్టులన్నీ దాని మీదే ఉంటాయి, అది విరిగితే అయ్యేది కేబుల్ ఖర్చు కాదు, పోర్టు మార్చే ఖర్చు. క్లీన్ చేశాక కూడా అదే గోల అయితే ఆ కేబుల్‌ని ఇంకో ఫోన్‌కి, ఇంకో కేబుల్‌ని ఈ ఫోన్‌కి పెట్టి చూడండి, తప్పు ఎవరిదో తేలిపోతుంది.

సరే, కేబులే పోయింది అనుకుందాం. షాపువాడు "ఫాస్ట్ చార్జింగ్ కేబులే సార్" అంటాడు, ప్రతి కేబుల్‌కీ అదే మాట అంటాడు. మీ ఫోన్‌కి ఏ రకం ఫాస్ట్ చార్జింగ్ ఉందో మీకు తెలియకపోతే ఆ మాటకి అర్థం లేదు. వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ వాళ్ళది సూపర్‌వూక్ పద్ధతి, వివో వాళ్ళది ఫ్లాష్‌చార్జ్, షావోమీ వాళ్ళది ఇంకోటి, వీటికి చార్జరూ కేబులూ ఫోనూ మూడూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే ఫుల్ స్పీడ్ వస్తుంది. బయటి కేబుల్ ఎంత మంచిదైనా సరే, ఆ పద్ధతికని చేసింది కాకపోతే ఆ ఫోన్లకి మామూలు స్పీడులోనే ఎక్కుతుంది, అది కేబుల్ తప్పు కాదు. కాబట్టి ఈ కంపెనీల ఫోన్ వాడుతూ బాక్సులో వచ్చిన చార్జర్ మీ దగ్గరే ఉంటే, కేబుల్ కూడా ఆ కంపెనీదే వాళ్ళ సైట్లోనో సర్వీస్ సెంటర్లోనో కొనుక్కోండి, నా లెక్కలో అక్కడ వెతుకులాట దండగ. ఐఫోన్ 15 నుంచి వచ్చినవీ, టైప్ సీ పోర్టున్న ఐప్యాడ్లూ, గూగుల్ పిక్సెళ్ళూ, శాంసంగ్‌లూ అయితే పవర్ డెలివరీ అనే కామన్ పద్ధతిలో నడుస్తాయి, వీటికి ఏ కంపెనీ కేబులైనా పర్లేదు, సరుకు మంచిదైతే చాలు. పాత లైట్‌నింగ్ పోర్టు ఐఫోన్లకి మాత్రం డబ్బా మీద ఎంఎఫ్ఐ గుర్తు, అంటే ఆపిల్ అనుమతి ఉందని చెప్పే గుర్తు, ఉన్నది చూసి కొనండి, లేనివి కొన్నాళ్ళు పనిచేసి తర్వాత ఈ యాక్సెసరీ సపోర్ట్ చేయదు అని మెసేజ్ రావచ్చు.

ఇప్పుడు వాట్ల సంగతి. కేబుల్ మీద 65 వాట్లు, 66 వాట్లు, 120 వాట్లు అని ఏదేదో అచ్చేస్తారు గానీ, యూఎస్‌బీ ప్రమాణాలు పెట్టే యూఎస్‌బీ-ఐఎఫ్ సంస్థ లెక్కలో ఇప్పుడు టైప్ సీ నుంచి టైప్ సీ కేబుళ్ళకి ఉన్నవి రెండే రేటింగులు, 60 వాట్లు, 240 వాట్లు. ఇదివరకు 100 వాట్లది కూడా ఉండేది, అవి ఇంకా అమ్ముతున్నారు, వాడుకోవచ్చు. 60 వాట్ల కేబుల్ 3 ఆంప్స్ కరెంటు మోస్తుంది, పెద్దవి 5 ఆంప్స్ మోస్తాయి, 3 దాటాలంటే పిన్ లోపల ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండి తీరాలి, అది లేకపోతే చార్జరే 3 దగ్గర ఆపేస్తుంది. మరి 120 వాట్లు అని రాసుందంటే అది షావోమీ లాంటి వాళ్ళ సొంత పద్ధతికి చేసింది అయినా అయ్యుండాలి, లేదా తోచింది అచ్చేసింది అయినా అయ్యుండాలి, రోడ్డు పక్కన గుట్టపోసి 80 రూపాయలకి అమ్మే వాటిలో ఏది ఎక్కువో మీకే తెలుసు. ఐఫోన్‌కి, 25 వాట్ల శాంసంగ్‌కి, మామూలు ట్యాబులకి 60 వాట్లది బోలెడు. శాంసంగ్ అల్ట్రా మోడల్స్‌లో 45 వాట్ల స్పీడ్ కావాలన్నా, అదే కేబుల్‌తో ల్యాప్‌టాప్ కూడా చార్జ్ చేయాలన్నా 5 ఆంప్స్‌ది తీసుకోండి.

పైన అల్లికా, మెటల్ పిన్నులూ చూసి మోసపోవద్దు, అసలు విషయం లోపలి రాగి తీగ ఎంత లావుందన్నది. దీన్ని ఏడబ్ల్యూజీ నంబర్‌తో చెప్తారు, నంబర్ తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. కొన్ని కేబుళ్ళ తొడుగు మీద చిన్న అక్షరాల్లో 28ఏడబ్ల్యూజీ/1పీ + 24ఏడబ్ల్యూజీ/2సీ అని ఉంటుంది, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవండి, అందులో మొదటిది డేటా తీగల జత, రెండోది కరెంటు మోసే రెండు తీగలు, మనం చూడాల్సింది రెండోదే. ఎందుకంటే ఒక మీటరు కేబుల్లో కరెంటు వెళ్ళి తిరిగి రావాలి, అంటే రెండు మీటర్ల తీగ. అది 28 నంబర్ తీగ అయితే 2 ఆంప్స్ పారేటప్పుడు దాదాపు 0.85 వోల్టులు దారిలోనే పోతాయి, చార్జర్ 5 వోల్టులు ఇస్తే ఫోన్ దగ్గరికి చేరేది 4.15. అదే 24 నంబర్ అయితే పోయేది 0.34 మాత్రమే. సన్న పైపుకి మోటార్ బిగించి మూడో అంతస్తుకి నీళ్ళు రావట్లేదు అన్నట్టుంటుంది సన్న కేబుల్ వ్యవహారం. పైగా పొడుగు పెరిగేకొద్దీ నష్టం కూడా అదే లెక్కన పెరుగుతుంది, మంచం దాకా రావాలని మూడు మీటర్ల చవక కేబుల్ కొంటే రాత్రంతా పెట్టినా నిండదు. 9 వోల్టులూ ఆపైన నడిచే పవర్ డెలివరీ చార్జర్లతో ఈ బాధ కొంత తక్కువ, ఎక్కువ వోల్టేజీలో అంతే కరెంటుకి అంతే నష్టం జరిగినా శాతం తగ్గుతుంది కాబట్టి.

డేటా విషయంలో చాలామందికి ఉండే అపోహ ఏంటంటే టైప్ సీ అంటే స్పీడ్ అని. కాదు. చార్జింగ్ కేబుళ్ళుగా అమ్మే వాటిలో ఎక్కువ భాగం యూఎస్‌బీ 2.0 తీగలే, అంటే 480 ఎంబీపీఎస్, పెళ్ళి వీడియో 20 జీబీ కాపీ చేస్తే పది నిమిషాల పైమాటే. ఐఫోన్ 15, 16 మామూలు మోడల్స్‌లో ఫోన్ పోర్టే అంత స్పీడుది, కాబట్టి ఖరీదైన కేబుల్ కొన్నా ఉపయోగం లేదు, ప్రో మోడల్స్‌లో మాత్రం 10 జీబీపీఎస్ దాకా వస్తుంది, దానికి విడిగా 10 జీబీపీఎస్ అని రాసి ఉన్న కేబుల్ కొనాలి, బాక్సులో వచ్చింది 2.0 దే. ఐప్యాడ్ ప్రో వాళ్ళకి ఇంకో చిక్కు, డబ్బాలో వచ్చిన కేబుల్‌తో మానిటర్‌కి కలిపితే బొమ్మ రాదు, మానిటర్ పాడైందేమో అని కంగారు పడతారు, అది ఉత్త చార్జింగ్ కేబుల్, వీడియో తీగలు అందులో ఉండవు. థండర్‌బోల్ట్ అనో యూఎస్‌బీ 4 అనో, లేదా వీడియో సపోర్ట్ ఉందనో రాసి ఉన్నది కావాలి, అవి సాధారణంగా లావుగా, పొట్టిగా, ఖరీదుగా ఉంటాయి. చార్జింగ్‌కి ఒకటి, డేటాకి ఒకటి విడిగా పెట్టుకోవడమే మేలు, రోజూ మంచం పక్కన నలిగేదానికి రెండు వేలు పెట్టడం ఎందుకు. కారులో ఆండ్రాయిడ్ ఆటోకి అయితే స్పీడ్ కన్నా పొడుగు ముఖ్యం, మీటరు లోపుదే వాడండి, మధ్యలో కట్ అయ్యే గొడవల్లో చాలావరకు దాంతోనే పోతాయి.

ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ (టైప్ ఏ), ఇంకోవైపు టైప్ సీ ఉన్న కేబుళ్ళ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. వాటి లోపల 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, "అవతల ఉంది పాత రకం పోర్టు, అతిగా లాగకు" అని ఫోన్‌కి చెప్పేది అదే. దాని బదులు 10 కిలో ఓమ్‌లది పెడితే ఫోన్ ధైర్యంగా 3 ఆంప్స్ లాగబోతుంది, అవతల ఉన్న పాత చార్జరో ల్యాప్‌టాప్ పోర్టో వేడెక్కి పోవచ్చు. గూగుల్ ఇంజనీర్ బెన్సన్ లియుంగ్ 2015లో ఆన్‌లైన్లో అమ్మే కేబుళ్ళు కొని ఒక్కోటీ టెస్ట్ చేసి రివ్యూలు రాయడం మొదలుపెట్టాడు, 2016 ఫిబ్రవరిలో లోపల తీగలే తారుమారుగా కలిపిన ఒక కేబుల్ ఆయన టెస్టుకి వాడే క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్‌ని చంపేసింది, ఆ తర్వాతే అమెజాన్ ప్రమాణాలు పాటించని టైప్ సీ కేబుళ్ళు అమ్మకూడదని రూల్ పెట్టింది. రెసిస్టర్ బయటికి కనపడదు కాబట్టి ఈ రకం మాత్రం తెలిసిన బ్రాండుదే తీసుకోండి.

ఎక్కడ కొనాలంటే, హైదరాబాద్ అబిడ్స్ జగదీష్ మార్కెట్లో "బాక్స్‌లోంచి తీసిన ఒరిజినల్" అని విడిగా ఇచ్చేవి కొందరి దగ్గర నిజంగా ఒరిజినలే, కొందరి దగ్గర ఫస్ట్ కాపీ, పక్కపక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోవడం కష్టం. షాపులో మీ చార్జర్, మీ ఫోన్ పెట్టి చూపించమనండి, స్క్రీన్ మీద సూపర్‌వూక్ అనో సూపర్ ఫాస్ట్ చార్జింగ్ అనో వస్తేనే డబ్బులివ్వండి, ఒప్పుకోని షాపు దాటెయ్యండి. ఆన్‌లైన్లో అయితే అమ్ముతున్నది ఎవరో చూడండి, బ్రాండ్ వాళ్ళ సొంత స్టోరా ఇంకెవరోనా అని. యాంబ్రేన్, పోర్ట్రోనిక్స్, యూగ్రీన్, ఆంకర్, బెల్కిన్ ఏదైనా కావచ్చు, ఒకే బ్రాండులో కూడా 2.0 దీ, 10 జీబీపీఎస్‌దీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కాబట్టి పేరు కాదు, ఆ మోడల్ స్పెసిఫికేషన్ చదవండి, డేటా స్పీడ్ అసలు రాయలేదంటే 2.0 అనే అనుకోండి. రివ్యూల్లో ఐదు స్టార్లవి వదిలేసి, ఆరు నెలల తర్వాత వచ్చి రాసినవి వెతకండి.

వచ్చిన రోజే చెక్ చేయండి, రిటర్న్ గడువు అయ్యాక కాదు. బ్యాటరీ 20 శాతం దగ్గర ఉన్నప్పుడు పెట్టండి, 80 దాటాక ఏ ఫోనైనా నెమ్మదిస్తుంది, అప్పుడు చూసి కేబుల్‌ని అనుమానించి లాభం లేదు. అరగంట తర్వాత రెండు పిన్నుల దగ్గరా పట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే వెనక్కి పంపండి. ల్యాప్‌టాప్‌కి పెట్టి ఫోన్ నోటిఫికేషన్లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని ఒక పెద్ద వీడియో కాపీ చేయండి, అసలు ఆ ఆప్షనే రాకపోతే అది లోపల డేటా తీగలు లేని కేబుల్ అయ్యుండొచ్చు, ఇయర్‌బడ్స్‌తో, ట్రిమ్మర్లతో ఎక్కువగా అలాంటివే వస్తాయి. తరచూ కేబుళ్ళు కొనే ఇల్లు అయితే వోల్టులూ ఆంప్సూ చూపించే చిన్న యూఎస్‌బీ మీటర్ కొనుక్కోండి, ఇంట్లో కేబుళ్ళన్నీ ఒక సాయంత్రం తేల్చేయొచ్చు.

ఆ డేటా లేని కేబుళ్ళని మాత్రం పారేయకండి. బస్టాండ్లో, రైల్వే స్టేషన్లో ఉండే పబ్లిక్ చార్జింగ్ పాయింట్ల ద్వారా డేటా దొంగిలించే మోసం గురించి ఆర్‌బీఐ కూడా హెచ్చరించింది, డేటా తీగే లేని కేబుల్‌తో ఆ బాధ ఉండదు. దాని మీద ప్లాస్టర్ ముక్క అంటించి ప్రయాణానికి అని రాసి బ్యాగులో వేసేయండి, లేకపోతే ఏదో ఒకరోజు ల్యాప్‌టాప్‌కి పెట్టి ఫోన్ కనపడట్లేదని అరగంట కుస్తీ పడతారు.